నెయ్యి, పాలు లేని టిఫిన్లూ తీపి వంటలూ: ఎక్కడ చెడతాయి, ఎలా సరిచేయాలి

మా ఇంట్లో పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె మానేసి నాలుగేళ్లయింది. అనంతపురంలో ఉండి ఇలా వండుకోవడం కష్టమని మొదట్లో చాలామంది అన్నారు. వండడం మొదలుపెట్టాక తెలిసినది వేరు. బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గానికి గానీ, బజ్జీకి గానీ, చిత్రాన్నానికి గానీ పాలతో పనే లేదు. నూనెకూ, పొడికీ, చివరికి పాలకూ పనికివచ్చే చెనిక్కాయ (వేరుశనగ) మన పొలాల్లోనే పండుతుంది. చిక్కు వచ్చేదల్లా పాసెం, పెరుగు, లడ్డు, ఓళిగ (బొబ్బట్టు) దగ్గర.

ఈ వంటలు చెడినప్పుడు నేను మొదట అడుగుకునే ప్రశ్న ఒక్కటే: ఈ వంటలో నెయ్యి, లేదా పాలు, ఏ పని చేస్తుండేవి? నెయ్యి చల్లారి గట్టిపడుతూ పిండిని పట్టి ఉంచుతుంది, వేయించేటప్పుడు వేడిని పిండి అంతటికీ చేరుస్తుంది, ఎర్ర కారం ఘాటును తగ్గిస్తుంది. పాలలోని చక్కెర తోడుకు ఆహారమవుతుంది. నెయ్యినో పాలనో తీసివేసి, అవి చేసే పనిని మరొక పదార్థానికి అప్పగించకపోతే వంట తప్పకుండా చెడుతుంది. కింద చెప్పిన పరిష్కారాల్లో చాలావరకు ఈ ఆలోచన నుంచి పుట్టినవే.

చెనిక్కాయ పాలు పచ్చివాసన వస్తున్నాయి, అడుగంటుతున్నాయి

నానిన గింజను చన్నీళ్లతో రుబ్బినప్పుడు, గింజలోనే ఉండే ఒక ఎంజైము అందులోని నూనెపై పనిచేసి ఆ పచ్చివాసనను పుట్టిస్తుంది. ఎంజైము వేడికి నశిస్తుంది కాబట్టి, పరిష్కారం రుబ్బడానికి ముందే జరగాలి. ఒక గ్లాసు గింజలను ఆరు నుంచి ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లను కూడా వంచేసి, పొట్టు తీసి, అప్పుడు మూడు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బాలి. పల్చని నూలు గుడ్డలో వడగట్టి పిండితే చిక్కని పాలు దిగుతాయి. పిప్పిని పారవేయనవసరం లేదు. పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి రుబ్బితే దోశలోకి చక్కటి చట్నీ అవుతుంది.

అడుగంటడానికి కారణం గింజలోని సన్నని పిండి, మాంసకృత్తులు గిన్నె అడుగుకు చేరడమే. మందపాటి గిన్నెలో, మధ్యస్థమైన మంట మీద, మొదటి పొంగు వచ్చేదాకా గరిటెను అడుగుకు తగిలేలా తిప్పుతూనే ఉండాలి. ఆవు పాల లాగా పొయ్యి మీద పెట్టి పక్కకు వెళ్లడం కుదరదు.

గింజల ఎంపిక గురించి ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, నోట్లో వేసుకుంటే చేదుగా ఉన్నవి ఒక్కటి కూడా ఇందులో పడకూడదు. తేమ తగిలిన వేరుశనగపై పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఉడికించినా వేయించినా అది పూర్తిగా పోదు. నానబెట్టే ముందు గింజలను పళ్లెంలో పోసి పది నిమిషాలు ఏరుకోవడం ఈ వంటలో అన్నిటికంటే ముఖ్యమైన పని అని నా నమ్మకం. ఇంటికి వచ్చే అతిథులలో వేరుశనగ పడనివారు ఉన్నారేమో కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

బెల్లం వేయగానే పాసెం విరిగిపోయింది

బెల్లానికి సహజంగానే కొంత ఆమ్ల గుణం ఉంటుంది. మరుగుతున్న చెనిక్కాయ పాలలో దానిని వేసినప్పుడు, వేడీ ఆమ్లమూ కలిసి పాలలోని మాంసకృత్తులను ముద్దలు కట్టిస్తాయి. ఆవు పాలతో పాసెం కాచేటప్పుడు పెద్దవాళ్లు బెల్లాన్ని చివర్లో వేయడానికి కారణం కూడా ఇదే. గింజల పాలకు ఆ జాగ్రత్త మరికొంచెం ఎక్కువ కావాలి.

బెల్లాన్ని వేరే గిన్నెలో కొద్ది నీళ్లతో కరిగించి, మట్టీ ఇసుకా పోయేలా వడగట్టి, గోరువెచ్చగా అయ్యేదాకా పక్కన పెట్టాలి. సేమ్యాను గానీ, కొర్రలను గానీ ముందు నీళ్లలోనే పూర్తిగా ఉడికించుకోవాలి. తరువాత పాలు పోసి, ఒక్క పొంగు రాగానే దించి, పాలు కూడా గోరువెచ్చన అయ్యాక బెల్లం నీళ్లు కలపాలి. అనుమానంగా ఉంటే ఒక చిన్న గిన్నెలో రెండు చెంచాల పాలు, ఒక చెంచా బెల్లం నీళ్లు కలిపి చూసుకుంటే మొత్తం పాసెం చెడే ప్రమాదం తప్పుతుంది. పాలు కాచేటప్పుడే ఒక చెంచా బియ్యప్పిండిని చన్నీళ్లలో కలిపి పోస్తే పాలు చిక్కబడి, విరగకుండా కొంత తట్టుకుంటాయి.

ఇప్పటికే విరిగిపోయి ఉంటే వెంటనే దించి, చల్లార్చి, పలుచని భాగాన్ని మాత్రం నానబెట్టిన ఏడెనిమిది జీడిపప్పులతో కలిపి మిక్సీలో తిప్పి, తిరిగి సేమ్యాలో పోయాలి. మునుపటి నునుపు పూర్తిగా రాదు గానీ, పండుగ పూట పారబోసుకునే అవసరం ఉండదు. కొబ్బరి పాల విషయంలోనూ ఇంతే: రెండోసారి తీసిన పలుచని పాలలో ఉడికించి, మొదటి చిక్కని పాలను దించిన తరువాతే కలపాలి.

పెరుగు తోడుకోలేదు, లేదా తోడుకుని నీళ్లు వదిలేసింది

ఈ సమస్యకు ఒకటి కంటే ఎక్కువ కారణాలు ఉంటాయి కాబట్టి, ఓపికగా ఒక్కొక్కటే తీసివేస్తూ వెళ్లాలి. పాల పెరుగు తోడుగా వేయము గనుక, మొదటిసారికి పచ్చిమిరపకాయల తొడిమలే తోడు. వాటిపై సహజంగా ఉండే సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయి. అందువల్ల వాడిపోయిన తొడిమలు, గట్టిగా తోమి కడిగినవి పనిచేయవు. తాజా కాయల తొడిమలు ఐదారు, పైపైన ఒక్కసారి కడిగినవి, చాలు.

రెండో కారణం వేడి. పాలు కాగినవి కాగినట్టే ఉండగా తొడిమలు వేస్తే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. చిటికెన వేలు ముంచి ఇబ్బంది లేకుండా పది లెక్కపెట్టగలిగేంత వెచ్చదనం, అంటే సుమారు 40 డిగ్రీలు, సరైనది. మూడో కారణం చాలామందికి తట్టదు. ఆవు పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, దాన్ని తినే తోడు పెరుగుతుంది. చెనిక్కాయ పాలలో ఆ చక్కెర ఉండదు, ఉన్న ఇతర చక్కెరలూ కొద్దిపాటివే. అరలీటరు పాలకు ఒక చెంచా పంచదార కలిపితే తోడు ఆకలితో ఆగిపోదు. పెరుగు తియ్యగా అవుతుందేమోనన్న భయం అక్కరలేదు, ఆ తీపిలో చాలాభాగం పులుపుగా మారిపోతుంది.

తొడిమలతో తోడుకున్న మొదటి గిన్నె జారుగా, ఒక్కోసారి వింత వాసనతో ఉంటుంది. దానిని తినడానికి వాడకుండా, రెండు చెంచాలు తీసి రెండో గిన్నెకు తోడు వేయాలి. నిజమైన పెరుగు ఆ రెండో గిన్నెలో వస్తుంది. ఎండాకాలంలో ఐదారు గంటలకే తోడుకుంటుంది, డిసెంబరు, జనవరి రాత్రుళ్లలో మాత్రం గిన్నెను దుప్పటిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టినా పది పన్నెండు గంటలు పట్టవచ్చు. నీళ్లు వదిలేసిన పెరుగు చెడిపోయినట్టు కాదు; గింజల పాల మాంసకృత్తులు ఆవు పాల వాటిలాగా గట్టిగా అల్లుకోవు. పాలను ఒకటికి రెండు నీళ్లతో చిక్కగా తీసుకోవడం ఒక మార్గం, తోడుకున్నాక గుడ్డలో గంటసేపు వేలాడదీయడం మరొకటి. గులాబీ రంగు, ఆకుపచ్చ, నలుపు మచ్చలు కనిపిస్తే మాత్రం పైపైన తీసి వాడకూడదు, మొత్తం పారవేయాలి.

రాగి లడ్డు చేతిలో నిలవడం లేదు

నెయ్యికి బదులు అంతే కొలత నూనె పోసి చేసిన లడ్డు, కట్టినప్పుడు బాగానే ఉండి, డబ్బా తీసేసరికి పొడిగా రాలిపోతుంది. నెయ్యి చల్లారి గట్టిపడుతుంది, నూనె గట్టిపడదు. పిండిని పట్టుకునేది ఏదీ మిగలదు. కొబ్బరి నూనె గట్టిపడుతుంది కదా అని నేనూ దానితో చేసి చూశాను. సంక్రాంతికి చేసిన లడ్లు రాయిలా నిలిచాయి, అదే కొలతతో ఉగాదికి చేసినవి డబ్బాలో ముద్దయ్యాయి. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పగటి వేడి 40 దాటే మన ఊళ్లలో మార్చి నుంచి అది లడ్డును పట్టి ఉంచే పనికి రాదు.

ఆ పనిని చెనిక్కాయకూ బెల్లానికీ కలిపి అప్పగించాలి. గింజ బరువులో సుమారు సగం నూనే ఉంటుంది. రెండు గ్లాసుల రాగిపిండికి ఒక గ్లాసు వేయించి పొట్టు తీసిన గింజలు, ఒక గ్లాసు బెల్లం తురుము తీసుకుని, గింజలనూ బెల్లాన్నీ కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పుతూ, ముద్దగా మారి నూనె మెరిసేదాకా నూరాలి. వేయించిన పిండి ఇంకా వేడిగా ఉండగానే ఈ ముద్దను కలిపి, అరచేతితో గట్టిగా మర్దించి లడ్లు కట్టాలి. అప్పటికీ పగిలితే, గింజ తీసిన నాలుగైదు ఖర్జూరాలను నూరి కలపాలి. పాలు చిలకరించి కట్టే పద్ధతి సులువే గానీ, అలా చేసినవి ఎండాకాలంలో మరునాటికే వాసన వస్తాయి.

ఇదే లడ్డులో మరో ఫిర్యాదు పచ్చి రుచి. నెయ్యి లేకుండా పొడిగా వేయించినప్పుడు అడుగు పిండి మాడుతుంది, పైపిండి పచ్చిగా మిగులుతుంది. పిండిని రెండు మూడు విడతలుగా, చిన్న మంట మీద, విడతకు ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయిస్తే కమ్మని వాసన వస్తుంది. తొందరపడితే దీనికి వేరే మందు లేదు.

ఓళిగ చల్లారాక తోలులా సాగుతోంది, లేదా పెనం మీదే పగులుతోంది

కర్నూలు వైపు భక్ష్యాలనీ, మా వైపు ఓళిగలనీ అనే ఈ వంటలో నెయ్యి పైకి కనిపించేదే తప్ప, అసలు మెత్తదనమంతా పైపిండిలో ఉంది. పిండి గట్టిగా కలిపినా, నానకపోయినా, చిన్న మంట మీద ఎక్కువసేపు ఎండబెట్టినట్టు కాల్చినా ఓళిగ సాగుతుంది. ఒక గ్లాసు మైదాకు పావు గ్లాసు చిరోటి రవ్వ (సన్నటి గోధుమ రవ్వ) కలిపి, చేతికి అంటుకునేంత జారుగా తడిపి, మూడు చెంచాల వేరుశనగ నూనె పైన పోసి, కనీసం రెండు గంటలు నాననివ్వాలి. పెనం బాగా కాగిన తరువాతే వేసి, రెండువైపులా నూనె రాసి త్వరగా తీయాలి. తీసినవాటిని ఒకదానిపై ఒకటి పేర్చి గుడ్డ కప్పితే వాటి ఆవిరే వాటిని మెత్తగా ఉంచుతుంది.

పగలడానికి కారణం పూర్ణం. శనగపప్పు వేళ్ల మధ్య నలిగేటట్టు ఉడికి, నీళ్లు పూర్తిగా వంచేసి ఉండాలి. పలుకు మిగిలితే అది పైపొరను చీలుస్తుంది, నీరు మిగిలితే పూర్ణం కారుతుంది. బెల్లం వేశాక పూర్ణం జారవుతుందని కంగారుపడకుండా, గరిటె నిలబెడితే నిలిచేదాకా ఉడికించాలి. నెయ్యి పరిమళం లేదన్న వెలితిని, వేయించిన ఎండుకొబ్బరి, యాలకులు, చిటికెడు జాజికాయ చాలావరకు తీరుస్తాయి. వంచిన పప్పునీళ్లతో చారు కాచుకోవడం ఎలాగూ మన ఇళ్లలో ఉన్న అలవాటే.

కారం దోశ నోరు మండిస్తోంది, కొర్ర దోశ తెల్లగా పాలిపోతోంది

ఎర్ర కారంలో కొలత మారకపోయినా, నెయ్యి మానగానే కారం దోశ ఎక్కువ మండినట్టు అనిపిస్తుంది. మిరపలో ఘాటునిచ్చే పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నెయ్యి ఆ ఘాటును కొంత తనలోకి తీసుకుంటుండేది. కారం పూసిన దోశ అంచుల వెంటనే కాక మధ్యలో కూడా ఒక చెంచా వేరుశనగ నూనె వేసి, పైన పప్పుల (పుట్నాల) పొడి ధారాళంగా చల్లి, పక్కన కొబ్బరి చట్నీ పెట్టుకుంటే ఆ పని తిరిగి జరుగుతుంది. కారం నూరేటప్పుడు ఉల్లిగడ్డ పెంచడం కూడా మేలే.

కొర్ర దోశ పాలిపోవడానికి కారణం నెయ్యి లేకపోవడం కాదు, పిండి అతిగా పులియడం. పులిసేకొద్దీ పిండిలోని చక్కెరలు ఖర్చయిపోయి, పెనం మీద ఎరుపెక్కడానికి ఏమీ మిగలదు. మూడు గ్లాసుల కొర్రలకు ఒక గ్లాసు మినప్పప్పు, ఒక చెంచా మెంతులు నానబెట్టి, రుబ్బేటప్పుడు గుప్పెడు అటుకులు చేర్చాలి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పొద్దుపోయాక చల్లని నీళ్లతో రుబ్బి, ఉప్పు అప్పుడే కలిపి, గిన్నెను నీళ్ల పళ్లెంలో ఉంచితే తెల్లవారేసరికి సరిగ్గా పొంగి ఉంటుంది. అప్పటికే పులిసిపోతే రెండు గుప్పెళ్ల బియ్యప్పిండి, చిటికెడు పంచదార కలిపి వెంటనే పోసుకోవాలి.

తీపి పొంగణాలు గుంతలకు పట్టుకుంటున్నాయి

పిండిలో బెల్లం ఉండడం వల్ల అది పాకంలా మారి గుంతకు అంటుకుని మాడుతుంది, లోపల మాత్రం పచ్చిగా ఉంటుంది. గుంతలో అరచెంచా నూనె వేసి కాగిన తరువాత మంట తగ్గించి, ముప్పాతిక వంతు మాత్రమే పిండి పోసి, మూత పెట్టి, అంచులు వాటంతట అవే వదిలేదాకా ఆగి తిప్పాలి. మాగిన అరటిపండు ఒకటి పిండిలో చిదిమి కలిపి, ఆ మేరకు బెల్లం తగ్గిస్తే అంటుకోవడం తగ్గుతుంది, మెత్తదనమూ వస్తుంది. పిల్లలకు బడికి డబ్బాలో పెట్టాలంటే నేను ఇలాగే చేస్తాను.

ఉగ్గాని ముద్దయింది

బొరుగులు నీళ్లలో ఎక్కువసేపు ఉన్నాయి. మునిగేలా వేసి, తిప్పి, నిమిషంలోపే తీసి, రెండు చేతులతో గట్టిగా పిండి, తాలింపు చల్లారకముందే కలపాలి. పప్పుల పొడి మాత్రం దించిన తరువాత చల్లాలి.