ఎండలు ముదరక ముందే మొక్కల దగ్గర చూసుకోవాల్సినవి

మిట్టమధ్యాహ్నం మందారం ఆకులు వాల్చేసి కనిపిస్తే ఎవరికైనా ముందు నీళ్లు పోయాలనే అనిపిస్తుంది. నేనూ అదే చేశాను. మట్టిలో తడి ఉందో లేదో చూడకుండా రోజూ మధ్యాహ్నం పోస్తూ వచ్చాను. మొక్క ఇంకా వాడింది, నేను ఇంకా పోశాను. చివరికి కుండీ బోర్లిస్తే వేర్లు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టి లాగితే పైతొక్క ఊడి చేతికొచ్చింది, లోపల దారప్పోగులాంటిది మిగిలింది. ఆ మొక్క దాహంతో పోలేదు, వేర్లకు గాలి అందక పోయింది. ఇంకొకరి మొక్క అలా పోకూడదని ఎండలు మొదలవక ముందే ఇది రాస్తున్నాను.

వేరు పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల నుంచి ఆవిరిగానే పోతుంది. అది వృథా కాదు, ఆకు చల్లబడేది ఆ ఆవిరితోనే. మధ్యాహ్నం ఆవిరి పోయే వేగాన్ని వేరు అందుకోలేకపోతే ఆకు వాలుతుంది, పత్రరంధ్రాలు మూసుకుంటుంది, పొద్దు వాలాక మళ్లీ నిలబడుతుంది. కాబట్టి మొక్క దాహాన్ని మధ్యాహ్నం చూసి తేల్చకండి, తెల్లవారుజామున చూడండి. అప్పటికీ వాలే ఉంటే మట్టిలో రెండు అంగుళాల లోతుకు వేలు దింపండి. పొడిగా తగిలితే నీళ్లు కావాలి. తడిగా ఉండి కూడా మొక్క వాలి ఉంటే కష్టం వేర్లలో ఉంది, నీళ్లు ఆపండి.

ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు, గాలి ఎంత పొడిగా ఉందో కూడా చూడాలి. గాలిలో తేమ అదే 40 శాతం ఉన్నా, 30 డిగ్రీల దగ్గర కంటే 40 డిగ్రీల దగ్గర గాలి ఆకులోంచి నీటిని సుమారు 1.7 రెట్ల బలంతో లాగుతుంది. దానికి వడగాలి తోడైతే ఆకును అంటిపెట్టుకున్న పలచటి తేమ పొర కూడా చెదిరిపోతుంది. అందుకే కుండీలను దూరదూరంగా ఉంచకుండా దగ్గరకు చేర్చండి, ఒకదాని ఆవిరి ఇంకొకదానికి పనికొస్తుంది. గాలి కొట్టే వైపు అడ్డు పెట్టేటప్పుడు గోడలా మూసేయకండి, దాని వెనక గాలి సుడి తిరుగుతుంది. కొంత గాలి వదిలే తడికో, గుబురు మొక్కల వరసో మేలు.

అందరూ ఆకుల వంకే చూస్తారు గానీ, కుండీల్లో పెంచేవాళ్లు అసలు భయపడాల్సింది వేర్ల వేడి గురించి. నేలలో అడుగు లోతుకు వెళ్తే ఎండ ఎంత మండినా మట్టి చల్లగానే ఉంటుంది. కుండీలోని వేర్లకు అంత లోతు లేదు, పక్కనున్న గోడే వాటికి హద్దు. నల్ల ప్లాస్టిక్ కుండీకి నేరుగా ఎండ తగిలితే ఆ వైపు మట్టి 45 డిగ్రీలు దాటడం మామూలే, లేత వేర్లు దాన్ని తట్టుకోలేవు. ఒక మధ్యాహ్నం కుండీ ఎండవైపు గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. చెయ్యి నిలవకపోతే వేరూ నిలవదు. కుండీని అంతకంటే పెద్ద కుండీలో దించి మధ్య సందును ఎండుటాకులతో నింపండి, లేదా బయటి గోడకు గోనె చుట్టండి. కాలే కాంక్రీటు మీద నేరుగా పెట్టకుండా కింద రెండు ఇటుకలు ఉంచండి. మట్టి మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో గడ్డో పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి, అక్కడ తడి నిలిస్తే మొదలు కుళ్లుతుంది.

షేడ్ నెట్ కూరగాయ మొక్కలకు 30 నుంచి 50 శాతం నీడనిచ్చేది చాలు. అంతకంటే దట్టమైతే వెలుతురు చాలక మొక్క సన్నగా సాగుతుంది. ఇప్పటిదాకా నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలోకి మార్చకండి. నీడలో పుట్టిన ఆకు పలచన, ఒక్క రోజులోనే తెల్లగా పాలిపోయి మచ్చలు పడుతుంది, ఆ మచ్చ ఇక మానదు. వారం పది రోజులు పొద్దుటి ఎండతో అలవాటు చేయండి.

నీళ్లు తెల్లవారుజామున, వేర్ల లోతు దాకా దిగేలా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేర్లు పైపొరలోనే ఉండిపోతాయి, ముందు వేడెక్కేది ఆ పొరే. బాగా ఎండిన మట్టి నీటిని పట్టుకోదు. పోసినవి పోసినట్టు కుండీ అంచు వెంట జారి కింది రంధ్రంలోంచి బయటికొస్తాయి, మధ్యలో వేరు పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కుండీని నీళ్ల తొట్టిలో అరగంట ఉంచి తీయండి. ఆకు మీది నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి కాలుస్తుందన్న భయం చాలామందిలో ఉంది. 2010లో హంగేరీ పరిశోధకులు పరీక్షించి చూస్తే, నున్నటి ఆకుల మీద బొట్లు కాల్చలేదు. నూగు మీద నిలిచిన బొట్ల విషయంలోనే ఆ అవకాశం కనిపించింది. ప్రాణం పోతున్న మొక్కకు మధ్యాహ్నమైనా సరే, నీళ్లు మొక్క మొదలు దగ్గర మట్టిలో పోయండి.

ఉప్పు సంగతి చాలామందికి తట్టదు. నీరు ఆవిరైపోయినా అందులోని లవణాలు మట్టిలోనే మిగులుతాయి. కుండీ అంచున తెల్లటి పొర కట్టి, ఆకు కొనలు మాడుతుంటే అదే కారణం కావచ్చు. అప్పుడు మట్టిలో తడి ఉన్నా వేరు దాన్ని లాక్కోలేదు. మంచి నీటిని కింది రంధ్రంలోంచి బాగా కారిపోయేదాకా ఒకసారి పోసి కడగండి. మండుటెండల్లో ఎరువు వేస్తే ఈ ఉప్పు బరువు ఇంకా పెరుగుతుంది, వద్దు. కొమ్మలూ నరకొద్దు, నీడ పోయిన బెరడు ఎండకు చిట్లుతుంది. టమాటా పూత రాలితే కంగారు పడకండి. పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతింటుంది, వేడి తగ్గాక పూత మళ్లీ నిలుస్తుంది.

చెట్ల కింద రాలిన ఆకుల్ని మాత్రం ఊడ్చేయకండి. వానపాములూ, ఆకుల్ని కుళ్లబెట్టి మట్టి చేసే శిలీంధ్రాలూ బతికేది ఆ కప్పు కిందే. తేనెటీగలు తమ పిల్లలున్న గదుల్ని 35 డిగ్రీల దగ్గర నిలుపుకోవడానికి నీళ్లు మోసుకెళ్లి రెక్కలతో విసురుతాయి. వాటి కోసం గులకరాళ్లు వేసిన లోతులేని పళ్లెంలో నీళ్లు పెట్టండి, రాళ్లు లేకపోతే మునిగిపోతాయి.

ఇన్ని చేసినా ఏదో ఒక మొక్క మాడినట్టు కనిపించవచ్చు. వెంటనే పీకేయకండి. కొమ్మ మీద గోటితో కొద్దిగా గీకండి, కింద పచ్చగా కనిపిస్తే నీడకు మార్చి, మట్టి ఆరినప్పుడే తడుపుతూ మూడు నాలుగు వారాలు చూడండి. ఎండిన కొమ్మల్ని కొత్త చిగుర్లు ఎక్కడ పొడిచాయో తెలిశాక కత్తిరించవచ్చు.