ఫోను మన మాటలు వింటోందా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న నా దగ్గరకు ఈమధ్య ఒక పెద్దాయన వచ్చి, తన మాట అవతలివారికి వినబడటం లేదన్నారు. ఫోను తిరగేసి చూస్తే అడుగున ఉన్న మైకు రంధ్రం ఎం-సీల్‌తో పూడ్చి ఉంది. ఇంట్లో ఏది మాట్లాడుకుంటే దాని ప్రకటనే తెర మీదికి వస్తోందని, అందుకే ఆ పని తానే చేశానని చెప్పారు. ప్రకటనలు ఆగాయా అని అడిగితే ఆగలేదన్నారు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండో మూడో మైకులుంటాయి గనుక ఒకటి మూసినంత మాత్రాన ఫోనుకు చెవుడు రాదు. అంతకన్నా ముఖ్యంగా, ఆయన ఫోనుకున్న జబ్బు మైకులో లేదు. ఈ ఫిర్యాదుతో వచ్చేవారందరికీ ఒకే మందు పనిచేయదు కాబట్టి, కనబడే లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలో కింద రాస్తున్నాను.

లక్షణం: నోటితో అన్న వస్తువు, ఎక్కడా వెతకకపోయినా, ప్రకటనగా వచ్చింది

పదిమందిలో తొమ్మిదిమంది చెప్పేది ఇదే. పెద్దాయన సంగతే తీసుకుందాం. సంక్రాంతికి విశాఖపట్నం నుంచి అల్లుడు వచ్చాడు. భోజనాల దగ్గర విద్యుత్ స్కూటరు మాట వచ్చింది. మర్నాటి పొద్దునకల్లా మామగారి ఫేస్‌బుక్‌లో స్కూటరు ప్రకటన ప్రత్యక్షమైంది. ఆరా తీస్తే, అల్లుడు వారం రోజులుగా అదే స్కూటరు ధర, మైలేజీ వెతుకుతున్నాడనీ, వచ్చిన రాత్రే ఇంటి వైఫైకి తన ఫోను తగిలించాడనీ తేలింది. ఒకే వైఫై వాడే ఫోన్లన్నీ బయటి ప్రపంచానికి సాధారణంగా ఒకే ఐపీ చిరునామాతో (ఇంటర్నెట్‌లో ఇంటి నంబరు లాంటిది) కనబడతాయి కాబట్టి, ఇవన్నీ ఒకే ఇంటివని ప్రకటనల యంత్రాంగం ఊహించుకోవడం తేలిక. కచ్చితంగా ఇదే కారణమని ఏ సంస్థా కాగితం మీద రాసి ఇవ్వదు గాని, ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, భోజనాల దగ్గరి మాటకూ తెర మీది ప్రకటనకూ మూలం అల్లుడి వెతుకులాటే. మాట ప్రకటనను కనలేదు. రెండూ ఒకే తల్లి పిల్లలు.

వైఫై ఒక్కటే దారి కాదు. బట్టల దుకాణంలో బిల్లు వేసేటప్పుడు ఫోను నంబరు అడిగితే మనం ఆలోచించకుండా చెప్పేస్తాం. ఆ నంబర్ల జాబితాను వ్యాపారి గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో అప్పగించి, తన ప్రకటన వీరికే చూపమని కోరే ఏర్పాటు బహిరంగంగానే ఉంది. మనం ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో, ఏ ఊరిలో తిరిగామో కూడా లెక్కలోకి వస్తుంది. వీటికి తోడు కాకతాళీయం ఉండనే ఉంది. రోజంతా వేలు పైకి తోసుకుంటూ దాటేసిన ప్రకటనలు ఎవరికీ గుర్తుండవు. కాకి వాలినప్పుడే పండు పడిన తాటిచెట్టు మాత్రమే గుర్తుంటుంది.

పరిష్కారానికి ముందు ఒక పరీక్ష చేయండి. మీ ఇంట్లో ఎవరూ ఎన్నడూ కొనని వస్తువును, ఉదాహరణకు గుర్రపు జీనును, ఎంచుకోండి. ఆ మాటను ఎక్కడా టైపు చేయకుండా, ఎవరికీ సందేశంలో పంపకుండా, మూడు రోజులపాటు ఫోను పక్కన పెట్టుకుని దాని గురించే మాట్లాడండి. పరీక్షకు ముందు మూడు రోజులూ, పరీక్ష జరిగే మూడు రోజులూ వచ్చిన ప్రకటనలను ఒక కాగితం మీద రాసుకోండి. శ్రావణమాసంలో పట్టుచీర గురించి మాట్లాడి, చీర ప్రకటన వచ్చిందని నా దగ్గరకు వచ్చినవారున్నారు. శ్రావణమాసంలో చీర ప్రకటన రాని ఫోను ఉంటే అదే వింత.

తరువాత ప్రకటన మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి, ఇది నాకెందుకు చూపుతున్నారన్న వివరం తెరవండి. వయసు, ఊరు, వ్యాపారి ఇచ్చిన జాబితా వంటి కారణాలు కొన్ని అక్కడే కనబడతాయి. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోని గూగుల్ భాగంలో యాడ్స్ తెరిచి, ప్రకటనల కోసం ఫోనుకు ఇచ్చే గుర్తింపు అయిన అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించండి. ఐఫోనులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ట్రాకింగ్‌లోకి వెళ్లి, అనుమతి అడిగే అవకాశాన్నే ఆపేయండి. గూగుల్ ఖాతాలో వెబ్ అండ్ యాప్ యాక్టివిటీని ఆపి, పాతదాన్ని చెరిపేయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్ ఉన్నాయి. బయటి వ్యాపారులు పంపే సమాచారంతో ప్రకటనలు చూపవద్దని అక్కడ చెప్పవచ్చు. ఇవన్నీ చేసినా ప్రకటనలు రావడం మానవు. మీ వెంటపడటం మాత్రం తగ్గుతుంది.

అసలు ఫోను రహస్యంగా వినడం లేదని ఎలా చెప్పగలమన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వినియోగదారుకు తెలియకుండా మైకు తెరిచి ధ్వనిని బయటికి పంపిన యాప్ ఒక్కటీ వారికి దొరకలేదు గాని, తెర మీద జరిగేదాన్ని వీడియోగా తీసి మూడో సంస్థకు పంపిన యాప్ దొరికింది. చెవిని అనుమానిస్తూ కూర్చుంటే కన్ను పట్టుబడిందన్నమాట. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ ఎదుట, ప్రకటనల కోసం మైకు వింటున్నారా అన్న ప్రశ్నకు ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ లేదని సమాధానమిచ్చారు. వ్యాపారి మాట వ్యాపారి మాటే కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా లెక్కించను, లెక్కలనే నమ్ముతాను. కాల్‌లో మన గొంతును కుదించి పంపడానికి సాధారణంగా సెకనుకు దాదాపు 12 కిలోబిట్లు ఖర్చవుతాయి. గంటకు అది 5 మెగాబైట్లు దాటుతుంది. మెలకువగా ఉన్న 16 గంటలకు 90 మెగాబైట్ల దరిదాపుల్లోకి వెళుతుంది. వాడని యాప్ రోజూ అంత డేటా తింటే సెట్టింగ్స్‌లోని డేటా వినియోగంలో దాని పేరు కనబడి తీరుతుంది. ధ్వనిని పంపకుండా ఫోనులోనే మాటలను గుర్తుపడితే డేటా ఖర్చు కాదు కదా అని కొందరు అడుగుతారు, అది మంచి ప్రశ్నే. కాని వేల వస్తువుల పేర్ల కోసం రోజంతా చెవి ఒగ్గి ఉంటే బ్యాటరీ మామూలుకన్నా త్వరగా తరిగిపోతుంది. పైగా మనం 'ఏటి, ఎల్లిపోనాడా' అని కావాలని చెప్పినప్పుడే వాయిస్ టైపింగ్ ఇంకేదో రాస్తున్న ఫోను, వంటింట్లోంచి దూరంగా వినబడే మన యాసను తప్పు లేకుండా పట్టేస్తుందంటే నమ్మడం కష్టం.

లక్షణం: కాల్‌లో లేకపోయినా తెర మూలన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది

ఇది పట్టించుకోవలసిన లక్షణం. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, ఏదైనా యాప్ మైకునో కెమెరానో వాడుతుంటే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఐఫోనులో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి మైకుకు నారింజ చుక్క వస్తుంది. చుక్క కనబడగానే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ డాష్‌బోర్డ్ తెరిస్తే, గడచిన 24 గంటల్లో మైకును ఏ యాప్ ఎప్పుడు వాడిందో సమయంతో సహా ఉంటుంది. టార్చి, క్యాలెండరు, ఆటల వంటివాటికి మైకుతో పని లేదు. వాటి అనుమతి తీసేయండి. వాయిస్ సందేశాలు పంపే యాప్‌లకు, వాడుతున్నప్పుడు మాత్రమే అన్న అనుమతి చాలు.

ఆటల పేరు ఊరికే తీయలేదు. మైకు అనుమతి తీసుకుని, గదిలో మోగుతున్న టీవీ కార్యక్రమమేదో పసిగట్టే అల్ఫాన్సో అనే సంస్థ సాఫ్ట్‌వేరు 250కి పైగా ఆటల్లో ఉందని 2017 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అది మనుషుల సంభాషణను విన్నది కాదు, టీవీ ధ్వనిని గుర్తుపట్టినది. స్పెయిన్‌లో ఫుట్‌బాల్ లీగు లా లీగా తన యాప్ ద్వారా ఫోన్ల మైకులు తెరిచి, డబ్బు కట్టకుండా మ్యాచ్‌లు చూపుతున్న బార్లను పట్టుకోబోయి 2019లో 2,50,000 యూరోల జరిమానాకు గురైంది. 2023 చివర అమెరికాలో కాక్స్ మీడియా గ్రూప్ అనే సంస్థ, మాటలు విని ప్రకటనలు గురిపెట్టగలమని స్వయంగా గొప్పలు చెప్పుకుని, గొడవ కాగానే ఆ పేజీని తీసేసింది. అనుమతి అడిగినప్పుడు చదవకుండా సరే అని నొక్కే మన అలవాటే ఇలాంటివారికి పెట్టుబడి.

లక్షణం: పిలవకుండానే ఫోను పలుకుతోంది

గూగుల్ అసిస్టెంటు, సిరి వంటివి తమ పిలుపు మాట కోసం ఎప్పుడూ కాచుకుని ఉంటాయి; ఈ కాపలాకు పై చుక్క వెలగదు. టీవీలో అలాంటి శబ్దమేదైనా వస్తే పొరపాటున మేలుకొని కొన్ని క్షణాలు రికార్డు చేస్తాయి. అలాంటి రికార్డులను ఒప్పందపు ఉద్యోగులు వింటున్నారని 2019లో వార్తలు వచ్చాయి. సిరి విషయంలో అమెరికాలో నడిచిన దావాలో, తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడటానికి ఆపిల్ అంగీకరించినట్టు 2025 జనవరిలో వెల్లడైంది. గూగుల్‌లో పిలుపు వినే వాయిస్ మ్యాచ్‌నో, సిరి పిలుపునో ఆపేయడమే దీనికి పరిష్కారం.

లక్షణం: మీరు మాట్లాడినది ప్రకటనలో కాదు, ఎదుటి మనిషి నోట వినబడుతోంది

ఇక్కడ ప్రకటనల సంగతి వదిలేయండి. ఎవరో మీ ఫోనులో నిఘా యాప్ పెట్టి ఉండవచ్చు. పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరిచారా అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాలు చూసి, తెలియని పేరుంటే ఇంటర్నెట్ ఆపి, అవసరమైనవి దాచుకుని, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చాలి. డబ్బు పోయి ఉంటే ముందుగా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

లక్షణం: మైకు రంధ్రం మూసిన తరువాత అవతలివారికి వినబడటం లేదు

సూదితో పొడవవద్దు. రంధ్రం వెనుక ఉండే పలుచని జాలీ, దాని వెనుక మైకు చిరిగిపోతాయి. చాలా ఫోన్లలో ఈ మైకు ఛార్జింగ్ పిన్ను ఉన్న చిన్న బోర్డు మీదే ఉంటుంది. పెద్దాయన ఫోనుకు ఆ బోర్డే మార్చవలసి వచ్చింది. మైకు మూయాలని మరీ అనిపిస్తే, ఆండ్రాయిడ్ 12, ఆ తరువాతి ఫోన్లలో పై నుంచి కిందికి లాగే మీటల వరుసలో మైక్ యాక్సెస్ అన్నది చేర్చుకోవచ్చు. అది ఆపితే యాప్‌లన్నిటికీ మైకు ఒకేసారి మూసుకుంటుంది, మాట్లాడవలసి వచ్చినప్పుడు తిరిగి తెరుచుకోవచ్చు.