చెక్క ఎర చేస్తున్నారా? తడి బెజ్జంలో సీసం పోయకండి

ఈమధ్యే చెక్కతో చేపల ఎరలు చేయడం మొదలుపెట్టిన ఒకాయనకి చెయ్యీ గడ్డమూ కాలాయి. కరిగిన సీసం ఎగజిమ్మి మీద పడింది. కళ్లద్దాలు పెట్టుకోబట్టి చూపు దక్కింది. అజాగ్రత్త మనిషేం కాదు. గ్లవ్స్ వేసుకున్నాడు, కిటికీలు తీసి పెట్టుకున్నాడు. చేసిన తప్పల్లా ఒక్కటే, నీళ్లలో తేల్చి చూసిన చెక్కలో ఆ వెంటనే సీసం పోశాడు.

ఉలి కోస్తుంది, కొక్కెం గుచ్చుకుంటుంది అని ఇక్కడ చెప్పబోవడం లేదు. అవి మొదటి రోజే చేతికి తెలిసొస్తాయి. మంచి పనివాళ్లని కూడా దెబ్బతీసేది ఈ సీసమే. నేను చూసిన కాలిన గాయాలన్నీ దాదాపు దీనివల్లే.

ఎర పొట్టలో బరువు లేకపోతే అది నీళ్లలో పక్కకి పడిపోతుంది, దూరం విసరడానికీ రాదు. ఎంత బరువు సరిపోతుందో లెక్కల్లో తేలదు, అందుకే తొట్టిలో వేసి చూస్తాం. సరిగ్గా నిలబడలేదనుకోండి, పైకి తీసి, గుడ్డతో తుడిచి, బెజ్జం ఇంకాస్త లోతు చేసి సీసం పోసేస్తారు. పైన తుడిచిన చెక్క చేతికి పొడిగానే తగులుతుంది. బెజ్జం లోపల మాత్రం చెక్క నారలు తెగి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. నీళ్లు పీల్చేది అక్కడే, ఆఖరున ఆరేదీ అక్కడే.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. నీళ్లు 100 డిగ్రీలకే ఆవిరవుతాయి, ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతాయి. బెజ్జం అడుగున ఒక్క చుక్క ఉన్నా, దాని మీద సీసం మూతలా పడుతుంది. ఆవిరి బయటికి రావడానికి దారి పైకే. ఆ దారిలో ఉన్నది సీసం, ఆపైన వంగి చూస్తున్న మీ మొహం. నాలుగు గ్రాముల సీసమే కదా అంటారు. కంట్లో పడటానికి అందులో పదో వంతు చాలు.

ఎండలో పెట్టాను కదా అంటారు. ఎండకి పైపైన ఆరుతుంది. తొట్టిలో వేయకముందు ఎరని తూచి రాసుకోండి. గ్రాములో పదో వంతు చూపించే చిన్న తక్కెడ చాలు. మళ్లీ ఆ అంకె వచ్చేదాకా అది తడి చెక్కే. వచ్చాక పోసేయమని కాదు, మామూలుగా పొడిగా కనిపించే చెక్కలో కూడా గాలిలోంచి పట్టిన తేమ ఉంటుంది. అప్పుడే పూసిన సీలర్ (చెక్క నీళ్లు పీల్చకుండా పూసే పూత), ఆరని వార్నిష్ ఇంకా పాడు. అవి ఆవిరై చిమ్మడమే కాదు, మంట కూడా అంటుకుంటాయి.

కాబట్టి కొత్తవాళ్లు సీసం కరిగించనే వద్దు. గాలానికి వాడే చిన్న సీసం గుండ్లనో, సీసం తీగ ముక్కలనో చల్లగానే బెజ్జంలో కూరి, ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పూడ్చేయండి. పని అదే, ఫలితం అదే. తొట్టిలో చూసేటప్పుడు అసలు బెజ్జమే వేయకండి. ముందు చెక్కకి సీలర్ పూసి ఆరనివ్వండి. గుండ్లని పొట్ట కింద రబ్బరు బ్యాండుతో కట్టి, ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. సరిగ్గా నిలబడ్డ చోట పెన్సిల్ గీత పెట్టండి. ఒక్క మాట, బరువు లోపలికి వెళ్లాక ఎర ఇంకాస్త కిందికి మునుగుతుంది, అందుకని పిసరంత తగ్గించుకోండి. పొట్టలో చోటు చాలకపోతే టంగ్‌స్టన్ వాడొచ్చు. అదే బరువుకి సీసంలో సుమారు 60 శాతం చోటే తీసుకుంటుంది. ఖరీదు మాత్రం ఎక్కువే.

ఇక జిగుర్లు, రంగులు, పైపూతల సంగతి. ఎపాక్సీతో మొదట్లో ఏమీ కాదు, అందుకే మోసపోతారు. ఉత్త చేతులతో ముట్టుకుంటూ పోతే ఒకరోజు చేతులు దురదపెట్టి ఎర్రగా పొంగుతాయి. ఆ అలర్జీ ఒకసారి పట్టుకుంటే ఇక వదలడం కష్టం. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. చర్మానికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, సబ్బూ నీళ్లూ చాలు. కలిపిన ఎపాక్సీని కప్పు నిండా వదిలేస్తే తనంతట తనే వేడెక్కి పొగలు కక్కుతుంది, కావలసినంతే కలుపుకోండి.

కార్లకి కొట్టే క్లియర్ కోట్ గట్టిగా, మెరుస్తూ ఉంటుందని కొందరు ఎరలకీ కొడుతున్నారు. హార్డెనర్ కలిపే రకాల్లో చాలావాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెచ్చిపెడతాయి. మామూలు ధూళి మాస్కు ఆ ఆవిరిని ఆపదు. ఇంట్లో కొట్టే పని కాదది, బ్రష్‌తో పూసే ఫినిష్‌తో సరిపెట్టుకోండి. నిజానికి చేపకి ఆ మెరుపుతో పనిలేదు.

ఎర్ర సీడార్ ధూళి కొందరికి ఆస్తమా తెప్పిస్తుంది. ఏ చెక్క ధూళైనా ఊపిరికి మంచిది కాదు, ఉప్పుకాగితం పట్టినంతసేపూ మాస్కు ఉండాలి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

నూలు గ్లవ్స్ వేసుకుని సూపర్‌గ్లూ ముట్టుకోవద్దు. నూలుకి తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి కాలుస్తుంది. బాల్సా అనే తేలిక చెక్కని సూపర్‌గ్లూతో గట్టిపరిచేవాళ్లు ఇది రాసి గోడకి అంటించుకోండి.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. వాటంతట అవే మంటెత్తుతాయి. విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత డబ్బాలో వేయండి.

కొక్కేలు చివరే. రంగు ఆరేదాకా ఒక్కటీ తగిలించొద్దు.

స్క్రూ కన్ను (కొక్కెం, దారం తగిలించడానికి చెక్కలో బిగించే మర రింగు) గట్టిగా పట్టిందో లేదో నీళ్ల దగ్గర కాదు, ఇంట్లోనే లాగి చూడండి. కళ్లద్దాలు పెట్టుకుని.

సీసం ముట్టుకున్న చేత్తో తినొద్దు, పొగ తాగొద్దు. వంటగిన్నెలో సీసం కరిగించొద్దు, ఒక్కసారి కూడా. పిల్లలున్న గదిలో ఆకురాయితో సీసం అరగదీయొద్దు. పాత బ్యాటరీల సీసం జోలికే పోవద్దు.

ఇంత చెప్పినా కరిగిస్తామంటే, నీళ్లలోంచి ఏరిన పాత గుండ్లని కరిగిన సీసంలో వేయొద్దు. వాటి పగుళ్లలో నీళ్లుంటాయి. తడి గరిటె ముంచొద్దు. చెమట కారే మొహంతో వంగొద్దు. నిండు చేతుల చొక్కా, తోలు బూట్లు, మొహం మొత్తం కప్పే షీల్డు లేకుండా పొయ్యి వెలిగించొద్దు. తొట్టి పక్కన పెట్టుకుని సీసం పోయొద్దు. చెక్కలో అసలే పోయొద్దు, పొడి లోహపు అచ్చులో పోసి, చల్లారాక ముక్కని బెజ్జంలో పెట్టండి. తడి బెజ్జంలో పోయొద్దు. తుడిచిన బెజ్జంలో పోయొద్దు. నిన్న తడిసిన బెజ్జంలో కూడా పోయొద్దు.

మీద పడితే కాలిన చోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పారనివ్వండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు. చర్మానికి అతుక్కున్న సీసాన్ని పీకొద్దు, డాక్టరు తీస్తారు. కంట్లో పడితే రుద్దొద్దు, నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి పరుగెత్తండి.