తెరచాప పడవలో వారం రోజులు: కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలు

గ్రీస్ రాజధాని ఏథెన్స్‌ను ఆనుకొని ఉన్న అలిమోస్ రేవులో తెరచాప పడవను అద్దెకు తీసుకొని సైక్లాడీస్ దీవుల వైపు వెళ్ళేవారు సాధారణంగా ఒక శనివారం పడవ ఎక్కి, మరుసటి శనివారం దిగుతారు. ఆ వారం రోజుల్లో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారి కళ్ళను మూడు విషయాలు ఇబ్బంది పెడతాయి. జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తర దిశ నుంచి రోజుల తరబడి వీచే మెల్టెమి గాలి ఒకటి, నెత్తి మీది ఎండ మరొకటి, నీళ్ళు మూడవది. గాలీ ఎండా కళ్ళను మంటపెడతాయి. నీళ్ళు చూపునే పోగొట్టగలవు. అందువల్ల ముందుగా నీళ్ళ సంగతి చెప్పుకోవాలి.

సముద్రపు నీరు మాత్రమే హానికరమనీ, పడవ ట్యాంకులోని మంచినీరు లెన్సులకు పనికివస్తుందనీ చాలామంది పొరబడతారు. అకాంతమీబా అనే ఏకకణ జీవి సముద్రంలోనూ, చెరువులోనూ, కుళాయి నీటిలోనూ ఉంటుంది. గట్టి పెంకు వంటి కోశంలో ఒదిగిపోయినప్పుడు తాగునీటిలో కలిపే క్లోరిన్‌కు కూడా అది చావదు. లెన్సును అంటిపెట్టుకొని నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియాలోకి చేరితే, మొదటి రోజుల్లో గంటగంటకూ చుక్కలు వేస్తూ, నెలల తరబడి చికిత్స చేయించుకోవలసి వస్తుంది. సూడోమొనాస్ అనే బాక్టీరియా ఇంకా తొందరపాటుది. ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించివేయగలదు. రేవుగట్టు మీది గొట్టంతో నింపి, వేసవి వేడిలో రోజుల తరబడి నిలవ ఉన్న ట్యాంకు నీటితో లెన్సును గానీ, లెన్సు డబ్బాను గానీ కడగకూడదు. లెన్సులు పెట్టుకొని స్నానమూ చేయకూడదు. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నవారికి మరొక మాట: కన్నీటి కంటే ఉప్పు తక్కువైన చెరువు నీరు తగిలితే మెత్తటి లెన్సు ఉబ్బి, కంటికి అతుక్కుపోతుంది. అప్పుడు బలవంతంగా లాగితే కార్నియా పైపొర గీసుకుపోతుంది. కృత్రిమ కన్నీటి చుక్కలు వేసి, రెప్ప ఆడించినప్పుడు లెన్సు కదులుతున్నదని తెలిసిన తరువాతే తీసి పారవేయాలి.

ఈ కారణం చేతనే పడవ ప్రయాణానికి ఏ రోజుకారోజు పారవేసే లెన్సులు మేలు. నెల రోజుల లెన్సులైతే వాటితో పాటు డబ్బా, లెన్సులు శుభ్రపరిచే ద్రావణం, వాటి శుభ్రత అన్నీ తప్పవు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం వాడేవారు దానిని ఇంట్లోనే వదిలి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. దాని డబ్బా గంటల తరబడి నిటారుగా నిలబడి ఉండాలి, ఒరిగి నడిచే పడవలో నిటారుగా నిలిచే వస్తువేదీ ఉండదు. ఏడు రోజులకు ఏడు జతలు చాలవు. నీటి తుంపర పడిన లెన్సును వెంటనే పారవేయాలి గనుక రోజుకు రెండు జతల లెక్కన పట్టుకెళ్ళాలి. కళ్ళద్దాలు రెండు జతలు ఉండాలి, రెంటికీ మెడతాడు ఉండాలి. పవరుతో పాటు లెన్సు వంపు, వ్యాసం రాసిన చీటీని ఫొటో తీసి ఫోనులో ఉంచుకోవాలి.

ఉదయం లెన్సులు పెట్టుకోవడం పడవ రేవులో కదలకుండా ఉన్నప్పుడే, సన్‌స్క్రీన్ రాసుకోక ముందే పూర్తి కావాలి. చేతులు సబ్బుతో కడిగి, సీసా నీళ్ళతో నురుగు పోయేలా కడిగి, నూగు రాలని కాగితపు తువ్వాలుతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి వేలే లెన్సుకు నీటిని అంటిస్తుంది. సముద్రపు వికారానికి చెవి వెనుక స్కోపొలమైన్ పట్టీ అంటించుకునేవారు, ఆ పట్టీని తాకిన వేలితో కన్ను ముట్టుకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదై, చూపు మసకబారుతుంది. తలకు దెబ్బ తగిలిందేమోనని తోటివారు హడలిపోయే లక్షణమిది. వికారానికి వాడే మాత్రల్లో చాలావరకు కన్నీటిని కూడా తగ్గిస్తాయి.

ఎదురుగాలికి లెన్సు ఎండి, అంచులు కంటిని ఒరుసుకుంటాయి. ప్రిజర్వేటివ్ లేని, ఒక్కసారికి సరిపడే చిన్న గొట్టాల్లో దొరికే చుక్కలను జేబులో ఉంచుకొని, మంట మొదలయ్యే దాకా ఆగకుండా వేసుకుంటూ ఉండాలి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటాయని చెప్పే లెన్సులు కార్నియాను మాత్రమే కప్పుతాయి. తెల్లగుడ్డూ రెప్పలూ బయటే ఉంటాయి కాబట్టి, పక్కలను కూడా కప్పే చలువ అద్దాలు తప్పనిసరి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ అద్దాలతో నీటి అడుగున ఉన్న రాళ్ళు స్పష్టంగా కనబడతాయి గానీ, కొన్ని కోణాల్లో పడవ మీది పరికరాల తెరలు నల్లబడి కనిపిస్తాయి. చుక్కాని పట్టేవారు ఈ సంగతి ముందే పరీక్షించి చూసుకోవాలి.

ఈతకు దిగే ముందు లెన్సులు తీసివేసి, పవరున్న ఈత అద్దాలు పెట్టుకోవాలి. భోజనం తరువాత పడవ అంచున వాలి కునుకు తీయడం అందరూ చేసే పొరపాటే. లెన్సులతో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుంది.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా మొదట లెన్సు తీసివేయాలి. తీసిన తరువాత కూడా తగ్గకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనబడినా ఆ రోజే వైద్యుడిని చేరాలి. రేపు ఇంకో దీవికి వెళ్ళాక చూద్దామనుకోకూడదు. సైక్లాడీస్ దీవుల్లో ఒకటైన సిరోస్‌లో జనరల్ ఆసుపత్రి ఉంది. ఐరోపా అంతటా అత్యవసర సంఖ్య 112. ఫోను అందని చోట పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో సహాయం కోరవచ్చు. ఈలోగా కంటికి కట్టు కట్టకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చి వేసుకునే స్టెరాయిడ్ చుక్కలు మన ఊళ్ళలో పాత అలవాటే గానీ, అమీబా, ఫంగస్ పుండ్లను అవి ముదరబెడతాయి. తీసిన లెన్సును పారవేయకుండా శుభ్రమైన డబ్బాలో పెట్టి వెంట తీసుకువెళ్ళాలి. ఏ క్రిమి సోకిందో తేల్చడానికి ప్రయోగశాలలో దానినే పరీక్షిస్తారు.