కట్టడంపై విజ్ఞాన సర్వస్వ వ్యాసానికి పూనుకునే ముందు జాగ్రత్తలు

ముందుగా, ఆ కట్టడంతో సంబంధం లేనివారు దాని గురించి విపులంగా రాశారా అన్నది చూడాలి. ఆలయం అమ్మే స్థలపురాణం, లాడ్జి యజమాని ఇచ్చిన ప్రకటన, శంకుస్థాపన వార్త ప్రాముఖ్యతకు, అంటే విడి వ్యాసానికి తగిన అర్హతకు, ఆధారాలు కావు. చంద్రగిరి రాజమహల్‌కూ గుడిమల్లం పరశురామేశ్వరాలయానికీ పురావస్తు శాఖ రక్షణ, పండితుల పరిశీలన రెండూ ఉన్నాయి కాబట్టి సందేహం అక్కర్లేదు. తిరుపతి వీధుల్లోని వందలాది కల్యాణ మండపాల సంగతి అలా కాదు.

ప్రముఖులు బస చేసినంత మాత్రాన ఇంటికి ప్రాముఖ్యత రాదు. అలాగే, ఒకసారి వచ్చిన ప్రాముఖ్యత కట్టడం కూలినా పోదు: 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోగా, దాని స్థానంలో కొత్తది లేచింది, పాతదాని చరిత్రను కొత్తదానికి అంటగట్టకూడదు. గుడిమల్లం లింగం కాలంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు కనుక, మనకు నచ్చిన ఒక్క శతాబ్దాన్నే ఖాయం చేయకుండా, ఎవరు ఏమన్నారో చెప్పాలి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందరి గ్రంథాలు చాలావరకు ఈ కట్టడాలన్నిటినీ చిత్తూరు జిల్లాలోనే చూపుతాయి కాబట్టి జిల్లా పేరు సరిచూసుకోవాలి.

ఆధారాలు చాలకపోతే ఊరి వ్యాసంలో ఒక పేరా చాలు.