నీళ్లు తాగితే పొలమారుతోందా? ముందు తల ఎటుందో చూడండి

సమస్య: పెద్దవాళ్లకు నీళ్లు, కాఫీ తాగేటప్పుడు పొలమారుతోంది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి ఊరుకోకండి. రోజూ జరుగుతుంటే అది మింగే కండరాల లెక్క తప్పడం కావచ్చు.

అందరూ వదిలేసే తనిఖీ తల. చెన్నైలో చాలా ఇళ్లలో లోటా పెదాలకు తగలకుండా, తల వెనక్కి వాల్చి పైనుంచి పోసుకుని తాగుతారు. వయసులో ఉన్నప్పుడు అది చెల్లుతుంది. మింగే క్షణంలో అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది, కంఠమణి పైకీ ముందుకీ కదులుతుంది, శ్వాసనాళం మూసుకుంటుంది, అన్నవాహిక తెరుచుకుంటుంది. అంతా సుమారు ఒక్క సెకను పని. తల వెనక్కి వాలితే కంఠమణి సరిగా లేవదు, నీళ్లేమో ఆగవు. నిటారుగా కూర్చోబెట్టి, గ్లాసు పెదాలకు ఆనించి, గుక్కకు టీస్పూనంత, అంటే 5 మి.లీ. తాగించండి. గడ్డం కాస్త దించితే చాలామందికి హాయి, అందరికీ కాదు.

సమస్య: నీళ్లు బాగానే దిగుతున్నాయి, అన్నం దగ్గరే దగ్గు.

ఏం పెడుతున్నారని అడిగితే వచ్చే జవాబు: "మెత్తగా ఉంటుందని రసం అన్నమే." చిక్కంతా అందులోనే ఉంది. మెతుకు నమిలేదాకా నోట్లో ఆగాలి. రసం ఆగదు. ఇంకా నములుతుండగానే నాలుక వెనక నుంచి గొంతులోకి జారిపోతుంది. అప్పటికి కంఠమణి కిందే ఉంటుంది, ఊపిరి దారి తెరిచే ఉంటుంది. సాంబారులో తేలే ఇడ్లీ, పుచ్చకాయ ముక్క కూడా ఇంతే. పైగా కొందరికి దగ్గే రాదు, లోపలికి పోయిందని ఎవరికీ తెలియదు. అందుకే తిన్నాక "ఆ" అనిపించండి. గొంతు తడిగా గరగరలాడితే పెట్టడం ఆపి, దగ్గించి, మళ్లీ మింగించండి.

పప్పన్నం మెతుకు కనపడకుండా మెదపండి. చెంచా వంచితే నీరులా కారకూడదు, ముద్దగా జారాలి. రసం కావాలంటే విడిగా, చెంచాతో. ప్రతి ముద్ద తర్వాత ఒకసారి ఉత్తినే మింగించండి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు.

ముక్కులోంచి నీళ్లొస్తే ఈఎన్‌టీ డాక్టరు. ముద్ద ఛాతీలో ఆగినట్టుంటే గ్యాస్ట్రో, అంటే జీర్ణకోశ డాక్టరు. పళ్ల సెట్టు వదులైతే ముందు అది సరిచేయించండి.

మళ్లీ మళ్లీ జ్వరం, ఆయాసం వస్తున్నా, బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించి, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపమనండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయి, మాట ముద్దగా వస్తే 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు కాదు కదా, మాత్ర కూడా వేయకండి.