వర్చువల్ యంత్రంలో కొత్త వ్యవస్థ – 3వ పాఠం: హైకూకు ఏ అమరికలు?

గత పాఠంలో వర్చువల్‌బాక్స్‌ను (మన కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ యంత్రాన్ని, అనుకరించి నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించుకున్నాం, హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ డిస్కు ప్రతిని) దింపుకున్నాం. ఫైలు ఒక జీబీకి పైబడి ఉంటుంది. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఫోను హాట్‌స్పాట్ మీద దింపుకున్నవారు చెక్‌సమ్ (ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే సంఖ్య) సరిచూడకుండా ముందుకు రావద్దు. పాడైన ఫైలు వల్ల వచ్చే లోపాలు అచ్చం అమరికల లోపాల్లాగే కనిపించి, లేని తప్పును వెతికిస్తాయి.

హైకూ 1990ల నాటి బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వారసురాలు. దాన్ని తయారుచేసిన బీ సంస్థ 2001లో తన సాంకేతిక ఆస్తులను పామ్ కంపెనీకి అమ్మేసింది. అదే ఏడాది కొందరు ప్రోగ్రామర్లు స్వచ్ఛందంగా ఈ పని మొదలుపెట్టారు. చిన్న బృందం కాబట్టి లోకంలోని ప్రతి పరికరానికీ డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) రాయలేరు. ఈ పాఠమంతా ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది. వర్చువల్ యంత్రంలో కనిపించే నెట్‌వర్క్ కార్డు, డిస్కు కంట్రోలర్ అన్నీ అనుకరణలే. ఏ పరికరాన్ని అనుకరించాలో చెప్పేది మనమే. కనుక వేగవంతమైనది ఏదని కాక, లోపలి వ్యవస్థకు డ్రైవర్ ఉన్నది ఏదని అడగాలి.

యంత్రం రకం దగ్గర 'అదర్' ఎంచుకుని, వెర్షన్‌లో 'అదర్/అన్‌నోన్ 64 బిట్' పెట్టండి. 64 బిట్ ఎంపికలే కనిపించకపోతే కంప్యూటర్ బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే అమరికల్లోకి) వెళ్లి వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ (వర్చువల్ యంత్రాలకు ప్రాసెసర్ ఇచ్చే తోడ్పాటు) ఆన్ చేయాలి. విండోస్‌లో హైపర్-వీ (విండోస్ సొంత వర్చువల్ యంత్రాల సదుపాయం) నడుస్తుంటే యంత్రం కిటికీ అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తుంది. అప్పుడు వేగం బాగా తగ్గుతుంది, దానికి హైకూను తప్పుపట్టకండి.

'అదర్' ఎంచుకున్నప్పుడు వర్చువల్‌బాక్స్ తానుగా నింపే మెమరీ చాలా తక్కువ, తప్పక మార్చండి. హైకూకు కనీసం 384 ఎంబీ కావాలి, 2 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో చదివేవారిలో చాలామంది 4 జీబీ ల్యాప్‌టాప్‌తోనే నెట్టుకొస్తున్నారు. అలాంటి చోట 1 జీబీ మించి ఇవ్వకండి. మిగతా మెమరీ విండోస్‌కు చాలకపోతే రెండూ కలిసి నత్తనడక నడుస్తాయి. డిస్కుకు 16 జీబీ రాయండి. 'డైనమిక్' రకం కాబట్టి వాడినంత మేరకే అసలు డిస్కులో చోటు పడుతుంది.

నెట్‌వర్క్ కార్డు విషయంలో కాస్త ఆగాలి. జాబితాలో 'ఇంటెల్ ప్రో/1000 ఎంటీ డెస్క్‌టాప్' ఎంచుకోండి. ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించిన కార్డు కావడంతో చాలా చిన్న వ్యవస్థలకు దాని డ్రైవర్ ఉంది. ఫ్రీడాస్ (పాత డాస్ తరహా ఉచిత వ్యవస్థ) ఎక్కించేవారు మాత్రం పాత పీసీనెట్ కార్డును ఎంచుకోవడం మంచిది, దానికి ప్యాకెట్ డ్రైవర్ (డాస్‌లో నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్) దొరుకుతుంది. ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. వ్యవస్థ మారినప్పుడల్లా ఎంపిక ఎందుకు మారుతుందో ఇక్కడే అర్థమవుతుంది. 'నాట్' పద్ధతిని (వర్చువల్ యంత్రం మన కంప్యూటర్ ఇంటర్నెట్‌నే పంచుకునే పద్ధతి) అలాగే ఉంచండి.

3డీ త్వరణం, ఈఎఫ్ఐ (బయోస్‌కు బదులుగా వాడే బూట్ పద్ధతి) రెండూ ఆపేయండి. తొలిసారి తెర నల్లగా ఉండిపోతే యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టి, షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోండి. బూట్ జాబితా వస్తుంది. అందులోని సేఫ్ మోడ్‌లో ఫెయిల్‌సేఫ్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎంచుకుంటే చాలాసార్లు తెర తెరుచుకుంటుంది.

అభ్యాసం: ఈ అమరికలతో యంత్రాన్ని నడిపి, హైకూను ఎక్కించకుండా 'ట్రై హైకూ' నొక్కి డెస్క్‌టాప్ చూడండి. తరువాత మెమరీని 512 ఎంబీకి తగ్గించి మళ్లీ నడపండి. ఒక్కోసారి ఒక్క అమరికే మార్చి, తేడాను నోటు పుస్తకంలో రాయండి. వచ్చే పాఠంలో హైకూలోని డ్రైవ్‌సెటప్ అనే సాధనంతో డిస్కును హైకూ వాడే బీ ఫైల్ సిస్టమ్‌లోకి ఫార్మాట్ చేద్దాం.